ఆక్సిజన్ లెక్క తెగనప్పుడు: నా అనుభవం

పదో తరగతి చదివే మా అన్న బిడ్డ నోట్‌బుక్ పట్టుకొచ్చింది. ‘అత్తా, ఆక్సిజన్లు ఎంత లెక్కపెట్టినా కుదురుతలెవ్వు’ అంది. అల్యూమినియం సల్ఫేట్, కాల్షియం హైడ్రాక్సైడ్ కలిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్, కాల్షియం సల్ఫేట్ వచ్చే సమీకరణం అది: Al₂(SO₄)₃ + Ca(OH)₂ → Al(OH)₃ + CaSO₄. ప్రతి మూలకం పరమాణువులూ రెండువైపులా సమానం కావాలి.

మా నల్లగొండోళ్లకు ఇది పరాయి లెక్క కాదు. పటిక (అల్యూమినియం సల్ఫేట్), సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి (NEERI) దీన్ని రూపొందించింది. ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగే మడ్డిలో ఉండేది ఈ అల్యూమినియం హైడ్రాక్సైడే.

ఆక్సిజన్ నాలుగు పదార్థాల్లోనూ ఉంది. ఒకచోట అంకె మారిస్తే ఇంకోచోట తప్పుతుంది. అందుకే సల్ఫేట్‌ను విడగొట్టకుండా ఒకే మూటగా లెక్కపెట్టమన్నాను, హైడ్రాక్సైడ్‌నూ అంతే. ఎడమవైపు అల్యూమినియం 2, కనుక కుడివైపు అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముందు 2. సల్ఫేట్లు 3, కనుక కాల్షియం సల్ఫేట్ ముందు 3. దాంతో కాల్షియం 3 అయింది, కాల్షియం హైడ్రాక్సైడ్ ముందూ 3 పెట్టాలి. హైడ్రాక్సైడ్లు చూస్తే రెండువైపులా 6. ఆఖర్న ఆక్సిజన్లు లెక్కపెట్టించాను: ఇటు 18, అటు 18. పిల్ల మొహం వెలిగిపోయింది!

ఫార్ములా లోపలి చిన్న అంకెలను మాత్రం ముట్టొద్దని గట్టిగా చెప్పాను. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 చేరిస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్.

మూట లెక్క అన్నిటికీ పనికిరాదు. లెడ్ నైట్రేట్‌ను వేడిచేస్తే నైట్రేట్ విరిగి నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ వాయువులు వస్తాయి. అక్కడ నైట్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా లెక్కపెట్టాల్సిందే.