అమెరికా ప్రయాణమా? రెండు ముక్కల టికెట్ కొనకండి

పోయిన వారం హన్మకొండలో మాకు తెలిసిన ఆలుమగలు కొడుకు దగ్గరికని శంషాబాద్ దాకా పోయి, తీసుకుపోయిన పెట్టెలతోనే తిరిగొచ్చారు. అమెరికా వీసా ఉంది, పాస్‌పోర్టు ఉంది, టికెట్ కూడా ఉంది. కాకపోతే ఒకటి కాదు, రెండు. హైదరాబాద్ నుంచి యూరప్ దాకా ఒక కంపెనీది, అక్కణ్నుంచి అమెరికాకు ఇంకో కంపెనీది. కౌంటర్లో అడిగింది ఒకటే మాట: "మధ్యలో సామాను తీసుకోవడానికి బయటికి రావాలి కదా, షెంగెన్ వీసా ఏది?" యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే వీసా అది.

ఆగస్టు చదువుల సీజన్ దగ్గర పడింది కాబట్టి రాస్తున్నా. పాస్‌పోర్టు మర్చిపోకండి, ముందుగా బయల్దేరండి లాంటివి చెప్పను. రాత్రి విమానానికి మనోళ్లు మధ్యాహ్నమే రెండు కార్లేసుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరతారు, ఆ భయం లేదు.

అసలు చూడాల్సింది పీఎన్ఆర్, అంటే టికెట్ మీద ఉండే బుకింగ్ నంబరు. ప్రయాణమంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే సామాను చివరిదాకా ట్యాగ్ చేస్తారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే వేరే విమానం చూపించే బాధ్యత విమాన సంస్థదే. రెండు పీఎన్ఆర్‌ల మీద వేర్వేరు టికెట్లైతే మీరు మధ్యలో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేసి, మళ్లీ సెక్యూరిటీకి పోవాలి. మొదటి విమానం లేటైతే రెండో టికెట్ డబ్బులు పోయినట్టే. కౌంటర్లో ఉన్న పిల్ల మీద కోప్పడి లాభం లేదు. సరైన కాగితాలు లేనివాళ్లను తీసుకుపోతే జరిమానా పడేది విమాన సంస్థకు.

బుకింగ్ సైట్లలో దీన్ని 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఏజెంటైతే అది కూడా చెప్పడు, ఇరవై వేలు మిగిలాయని మాత్రం చెప్తాడు. డబ్బు కట్టేముందే అడగండి: పీఎన్ఆర్ ఒకటేనా?

ఒకే టికెట్ అయినా అమెరికాలో ఒక మెలిక ఉంది. చికాగోలో దిగి డల్లాస్ పోవాలంటే, ట్యాగ్ మీద డల్లాస్ అని ఉన్నా సామాను చికాగోలోనే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలి. ఆ తర్వాత ఇంకోసారి సెక్యూరిటీ. మధ్యలో మూడు గంటలన్నా లేకపోతే ఆ టికెట్ తీసుకోకండి. అబుదాబి మీదుగా పోతే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఆ క్యూ ఉంటుంది కాబట్టి అక్కడ గేటు దగ్గరికి తొందరగా పోవాలి.

ఇక మిగతావి.

విద్యార్థులకు అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.

శంషాబాద్ దాటామని నిశ్చింత వద్దు, దోహాలోనో దుబాయ్‌లోనో మళ్లీ స్కాన్ చేస్తారు. ఆవకాయ, నెయ్యి వాళ్ల లెక్కలో ద్రవాలే. 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతిసంచిలో ఉంటే పోయినట్టే.

గసగసాలు వద్దు. గల్ఫ్ దేశాల్లో అది మత్తుపదార్థం కేసు. చిటికెడు కూడా వద్దు.

కారప్పొడి, పసుపు పెద్ద డబ్బాలు పెట్టెలో వేయండి. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడిని చేతిసంచిలో చూస్తే విడిగా తనిఖీ చేస్తారు.

పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే.

చికెన్ పచ్చడి అమెరికాకు తేవద్దు. తినేవి ఏమున్నా అడిగితే ఉన్నాయని చెప్పండి, దాస్తేనే జరిమానా.

డ్యూటీ ఫ్రీ సీసా సీలు సంచి చివరిదాకా విప్పకండి.

ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలకు వీల్‌చెయిర్ ముందే బుక్ చేయండి, తోసే మనిషే దారి చూపిస్తాడు. కొడుకు అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది.

పక్కింటోళ్లు ఇచ్చిన పార్శిల్ విప్పి చూడకుండా పెట్టెలో వేయకండి. కుట్టేసి ఇస్తే తీసుకోకండి, చుట్టమైనా సరే.

ట్యాగ్ మీద దిగే విమానాశ్రయం మూడక్షరాల కోడ్ చూడకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. డల్లాస్ పోయే పెట్టెకు డీఎఫ్‌డబ్ల్యూ అని ఉండాలి.

టికెట్ చేతికి రాగానే మళ్లీ చూడండి: పీఎన్ఆర్ ఒకటేనా? రెండు వేర్వేరు టికెట్లైతే రద్దు చేయించి, కొత్తది కొనండి.