థీసిస్ సీజన్ మొదలైంది, బీబీఎల్ ఫైలు మీద చెయ్యి వేయకండి

పోయిన వారం రాత్రి 11:30కి నాకు తెలిసిన ఒక రీసెర్చ్ స్కాలర్ ఫోన్ చేసింది. మర్నాడు మధ్యాహ్నంలోగా థీసిస్ అప్‌లోడ్ చేయాలి. రెండు రోజులు కూర్చుని రిఫరెన్సుల జాబితాలో 60కి పైగా తప్పులు దిద్దుకుంది. సాయంత్రం పీడీఎఫ్ చూసిన గైడ్ "అంతా బాగుందమ్మా, మూడో అధ్యాయంలో ఈ ఒక్క పేపర్ కూడా చేర్చు" అన్నారు. చేర్చింది, కంపైల్ చేసింది, అంటే పీడీఎఫ్ మళ్లీ తయారుచేసింది. కొత్త పేపర్ జాబితాలోకి వచ్చింది, దిద్దిన 60 పోయాయి. పాత తప్పులన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి.

"అన్నా, సిస్టమ్‌కి వైరస్ ఏమైనా పట్టిందంటారా?" అని అడిగింది. వైరస్ కాదు. తను థీసిస్ రాస్తున్నది లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో. దిద్దింది మాత్రం, రిఫరెన్సుల జాబితా కోసం అందులో దానంతటదే తయారయ్యే బీబీఎల్ ఫైలులో.

ఇలా మునిగినవాళ్లను నేను చూడటం ఇది మొదటిసారి కాదు. చాట్‌బాట్ ఇచ్చిన లేని రిఫరెన్సుల గురించి ఇప్పుడు అందరూ హెచ్చరిస్తున్నారు. 2023లో న్యూయార్క్ కోర్టులో చాట్‌జీపీటీ సృష్టించిన కేసులను ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడ్డాక ఆ భయం అందరికీ తెలిసింది. కాబట్టి దాని జోలికి నేను పోను. బ్యాకప్ పెట్టుకోండి, స్పెల్లింగ్ చూసుకోండి అని కూడా చెప్పను. నేను చెప్పేది బీబీఎల్ గురించే.

అసలు ఏం జరుగుతుందంటే: మీ రిఫరెన్సుల వివరాలు ఉండేది బిబ్ ఫైలులో. కంపైల్ చేసినప్పుడు, మీరు ఏయే కీలు (ఒక్కో రిఫరెన్సుకి మీరు పెట్టుకున్న పొట్టి పేర్లు) సైట్ చేశారో లేటెక్ ఆక్స్ ఫైలులో రాసుకుంటుంది. జాబితా పేర్చే ప్రోగ్రామ్ బిబ్‌టెక్ వచ్చి ఆ కీలను చూసి, బిబ్‌లోంచి ఆ ఎంట్రీలను తీసి, స్టైల్ ఫైలు చెప్పినట్టు పేర్చి, బీబీఎల్ అనే కొత్త ఫైలు రాస్తుంది. లేటెక్ మళ్లీ నడిచినప్పుడు ఆ బీబీఎల్‌ని తెచ్చి పేజీలో పెడుతుంది. అంటే బీబీఎల్ వండి వడ్డించిన విస్తరి. బిబ్‌టెక్ నడిచిన ప్రతిసారీ దాన్ని మొదటి అక్షరం నుంచి కొత్తగా రాస్తుంది. మిమ్మల్ని అడగదు, పాతది దాచదు.

ఇందులో మాయ ఏమిటంటే, దిద్దిన వెంటనే ఏమీ పోదు. బిబ్‌టెక్ నడిస్తేనే కదా పోవడం. కంపైల్ పనులన్నీ వరసగా నడిపించే లేటెక్‌ఎంకే లాంటి సాధనాలు బిబ్‌లోనో, సైట్ చేసిన కీలలోనో మార్పు ఉంటేనే బిబ్‌టెక్‌ని పిలుస్తాయి. వాక్యాలు దిద్దుకుంటూ రెండు రోజులు కంపైల్ చేసినా మీ చేతి దిద్దుళ్లు చెక్కుచెదరవు. "ఓహో, ఇది పనిచేస్తుందన్నమాట" అని ధైర్యం వస్తుంది, ఇంకో 20 దిద్దుతారు. తర్వాత ఎవరో ఒక్క పేపర్ చేర్చమంటారు. ఆ రోజు ఎప్పుడూ చివరి రోజే అవుతుంది, ఎందుకో మరి.

కాబట్టి బీబీఎల్ ముట్టుకోకండి. మరి తప్పు కనిపిస్తే ఎక్కడ దిద్దాలి? ముందు ఒకటి చూసుకోండి: ఈ తప్పు ఒక్క ఎంట్రీలో ఉందా, అన్నిటిలోనూ ఉందా? ఒక్కదానిలో సంవత్సరం తప్పు పడితే బిబ్ ఫైలులో దిద్దండి. అన్నిటిలోనూ పత్రిక పేరు ఇటాలిక్‌లో రావట్లేదంటే అది స్టైల్ సంగతి, స్టైల్ ఫైలులో మార్చండి. స్టైల్ ఫైలు తెరిస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. 1985లో ఓరెన్ పటాష్నిక్ బిబ్‌టెక్ రాసినప్పటి ఆ భాష ఇప్పటికీ మనుషులు చదివేలా లేదు. కానీ మేక్‌బీఎస్‌టీ అనే సాధనం ఉంది. పేర్లు ఎలా రావాలి, సంవత్సరం ఎక్కడ ఉండాలి అని వరసగా ప్రశ్నలు అడిగి, మీ జవాబులను బట్టి స్టైల్ ఫైలు తయారుచేసిపెడుతుంది. ఓపిగ్గా కూర్చుంటే ఒక పూట పని.

రిఫరెన్సుల కోసం బిబ్‌లేటెక్ అనే వేరే ప్యాకేజీ వాడేవాళ్లు ఒక రకంగా అదృష్టవంతులు. వాళ్ల బీబీఎల్‌లో పేర్చిన వాక్యాలు ఉండవు, విడివిడి ఫీల్డులు ఉంటాయి. దిద్దాలన్న కోరికే పుట్టదు.

ఇదే తప్పు వేరే వేషాల్లోనూ వస్తుంది. రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ నుంచి బిబ్ ఫైలు దానంతటదే అప్‌డేట్ అయ్యేలా పెట్టుకున్నారా? అయితే మీకు బిబ్ కూడా వడ్డించిన విస్తరే. అందులో చేత్తో దిద్దితే, జొటేరోలో ఏదో ఒకటి మార్చిన మరుక్షణం మీ దిద్దుబాటు ఎగిరిపోతుంది. జొటేరోలోనే దిద్దండి. వర్డ్‌లో ప్లగిన్ పెట్టిన జాబితా లోపల టైప్ చేసేవాళ్లకూ ఇదే గతి, రిఫ్రెష్ నొక్కగానే హరీ. అన్‌లింక్ సైటేషన్స్ నొక్కితే అది మామూలు టెక్స్ట్ అయిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. నొక్కక తప్పకపోతే కాపీలో నొక్కండి.

ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని పత్రికలు అంతా ఒకే టెక్ ఫైలుగా పంపమంటాయి. అప్పుడు బీబీఎల్‌లో ఉన్నది తెచ్చి అతికించక తప్పదు. అన్నీ అయ్యాక, వేరే ఫోల్డర్‌లో, ఆఖరి పనిగా మాత్రమే.

ఇప్పటికే బీబీఎల్‌లో దిద్దేశారా? ఇది చదవడం ఆపి, దాన్ని వేరే పేరుతో కాపీ చేసుకోండి. కంపైల్ నొక్కకముందే. తర్వాత కంపైల్ చేసి, కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తూ ఒక్కొక్కటే బిబ్‌లోకి ఎక్కించండి. ఫోన్ చేసిన పిల్లకు ఆ కాపీ కూడా లేదు. గైడ్‌కి పంపిన పీడీఎఫ్ మెయిల్‌లో ఉండబట్టి బతికింది. దాన్ని చూసి తెల్లవారుజాము దాకా ఎక్కించుకుంది.

ఇక బిబ్ లోపల చూడాల్సినవి.

రచయితల మధ్య కామా కాదు, "యాండ్" అన్న ఇంగ్లిష్ మాట ఉండాలి. నలుగురున్నా ప్రతి ఇద్దరి మధ్యా అదే. కామా అంటే బిబ్‌టెక్‌కి ఇంటిపేరు అయిపోయిందని గుర్తు. కామా లేకపోతే చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. ఇంటిపేరు ముందు రాసే పేర్లన్నీ ఇక్కడే తలకిందులవుతాయి. అందుకని ఇంటిపేరు, కామా, అసలు పేరు అన్న వరసలోనే అన్నీ రాయండి. సంస్థల పేర్లకు రెండేసి ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టండి. లేకపోతే వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ కాస్తా "ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్." అనే పెద్దమనిషి అయిపోతుంది. నవ్వకండి, అచ్చయిన పేపర్లలోనే చూశాను.

చాలా స్టైళ్లు వ్యాసం పేరులో పెద్దక్షరాలను చిన్నవి చేసేస్తాయి. డీఎన్‌ఏ లాంటి మాటల వరకే ఫ్లవర్ బ్రాకెట్లు వేయండి. మొత్తం పేరుకి వేస్తే రేపు స్టైల్ మారినప్పుడు అది మాట వినదు.

గూగుల్ స్కాలర్ ఇచ్చిన ఎంట్రీని అసలు పేపర్ మొదటి పేజీతో పోల్చకుండా అతికించకండి.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

ప్రీప్రింట్ (పత్రికలో అచ్చవకముందు బయటపెట్టిన ప్రతి) ఒక కీతో, అచ్చయినది ఇంకో కీతో పెట్టకండి. ఒకే పేపర్ జాబితాలో రెండుసార్లు వస్తుంది.

డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఫీల్డులో నంబరే పెట్టండి. ముందు వెబ్ అడ్రస్ కూడా పెడితే లింకులో అది రెండుసార్లు పడుతుంది.

ఎంట్రీ లోపల పర్సంటేజీ గుర్తు పెట్టి లైను ఆపేశాననుకోకండి. బిబ్‌టెక్‌కి అది కామెంట్ కాదు.

కీలు మధ్యలో మార్చకండి.

బిబ్‌టెక్ నుంచి బిబ్‌లేటెక్‌కి సగం థీసిస్‌లో దూకకండి. దూకారా, ఆక్స్, బీబీఎల్ ఫైళ్లు తీసేసి మొదటినుంచి కంపైల్ చేయండి.

బైబర్ (బిబ్‌లేటెక్‌కి బిబ్‌టెక్ బదులు పనిచేసే ప్రోగ్రామ్), బిబ్‌లేటెక్ వెర్షన్లు ఒకదానికొకటి సరిపోవాలి. ఒకటి పాతదై ఇంకోటి కొత్తదైతే జాబితానే రాదు.

లేటెక్, బిబ్‌టెక్, లేటెక్, లేటెక్. నాలుగుసార్లు. మూడుతో సరిపెట్టకండి.

వార్నింగులు చదవండి. "వార్నింగే కదా, ఎర్రర్ కాదుగా" అనకండి. సైటేషన్ దొరకలేదన్నది వార్నింగే.

పీడీఎఫ్‌లో ప్రశ్నార్థకం కోసం వెతకండి. బిబ్‌లేటెక్ అయితే బోల్డ్‌లో మీ కీయే కనిపిస్తుంది, దానికోసం వెతకండి.

బీబీఎల్ ముట్టుకోకండి. మూడోసారి చెబుతున్నాను.

జాబితాను కాగితం మీద ప్రింట్ తీసి చదవండి. పెన్ను పట్టుకుని.

తప్పు కనిపిస్తే బిబ్ తెరవండి. "ఒక్కటే కదా, ఇక్కడే మార్చేద్దాం" అనిపించినా సరే, బిబ్ తెరవండి.

థీసిస్ ఇచ్చే వారంలో టెక్ లైవ్ (లేటెక్, దాని ప్యాకేజీలన్నీ కలిపి వచ్చే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకండి. స్నేహితుడు మంచి ప్యాకేజీ ఉందన్నా చేయకండి.

గైడ్‌కి పంపిన ప్రతి పీడీఎఫ్ తేదీ వేసి దాచండి.