మురుగు కాల్వ ఏ ప్రభుత్వానిది? గుంటూరు పౌరుడు అర్జీ పెట్టే ముందు తెలుసుకోవలసినవి

గుంటూరులో మిర్చి యార్డును నడిపేది వ్యవసాయ మార్కెట్ కమిటీ. అది రాష్ట్ర మార్కెటింగ్ శాఖ కింద పనిచేస్తుంది. అదే నగరంలో ప్రధాన కార్యాలయం ఉన్న పొగాకు బోర్డు, 1975లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ. ఈ రెండు చోట్లకూ వెళ్లే దారిలోని వీధి దీపం వెలగకపోతే అడగవలసింది నగరపాలక సంస్థను. ఒకే ఓటరుకు ఇలా మూడు ప్రభుత్వాలతో పని పడుతుంది. కాబట్టి అర్జీ రాయడానికి ముందే, ఆ పని ఎవరిదో తేల్చుకోవడం అవసరం.

ఇందుకు తొలి ఆధారం రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు. రైల్వేలు, జాతీయ రహదారులు, తపాలా, టెలిఫోన్లు కేంద్ర జాబితాలో ఉన్నాయి. పోలీసు, ప్రజారోగ్యం, భూమి, సాగునీటి కాల్వలు, మార్కెట్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్య, విద్యుత్తు, అడవులు ఉమ్మడి జాబితాలోనివి. వీటిపై ఇద్దరూ చట్టాలు చేయవచ్చు గానీ, రెండింటికీ పొసగనప్పుడు సాధారణంగా కేంద్ర చట్టమే చెల్లుతుంది. అయితే షెడ్యూలు చదివినంత మాత్రాన వీధిలోని సమస్య తేలదు. విజయవాడ మధ్య నుంచి పారే బందరు, ఏలూరు, రైవస్ కాల్వలు జలవనరుల శాఖవి. వాటిలోకి వచ్చి కలిసే వీధి మురుగు మాత్రం నగరపాలక సంస్థ బాధ్యత. అందుచేత సమస్య ఉన్న చోటికే వెళ్లి, ఆ స్థలం ఎవరి అధీనంలో ఉందో, పనికి డబ్బు ఏ పద్దు నుంచి వచ్చిందో చూడాలి. దగ్గరలో శిలాఫలకం ఉంటే, పెద్ద అక్షరాల్లో చెక్కిన ముఖ్య అతిథుల పేర్లు వదిలేసి, అడుగున చిన్న అక్షరాల్లో నిధుల పేరు గానీ పథకం పేరు గానీ ఉందేమో చదవండి. మనకు పనికివచ్చేది ఆ ఒక్క వరుసే.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చి, 12వ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొన్నది. కానీ ఆ అంశాలను రాష్ట్ర శాసనసభ స్థానిక సంస్థలకు అప్పగించవచ్చునని మాత్రమే 243-డబ్ల్యు అధికరణం చెబుతుంది. అప్పగించి తీరాలని చెప్పదు. "అది మా చేతుల్లో లేదు" అని కార్పొరేషన్ ఉద్యోగి అన్నప్పుడు అది తప్పించుకునే మాటే కావచ్చు, ఒక్కోసారి నిజం కూడా కావచ్చు. ఎవరి చేతుల్లో ఉందో ఏ ఉత్తర్వు చెబుతున్నదో అక్కడే అడగండి.

ఎన్నికైనవారి అధికారం వేరు, నియమితులైనవారి అధికారం వేరు. మన పార్లమెంటరీ పద్ధతిలో మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. శాసనసభ్యుని అసలు పని చట్టాలు చేయడం, ప్రభుత్వాన్ని సభలో నిలదీయడం. వీధి దీపం కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు బారులు తీరడం మనకు అలవాటైపోయింది గానీ, ఆ దీపానికి సంబంధించిన కాగితంపై సంతకం చేసేది ఆయన కాదు. నగరపాలక సంస్థలో కౌన్సిల్ తీర్మానిస్తుంది, కమిషనర్ అమలు చేస్తారు. అర్జీని కమిషనర్ పేర రాసి, నకలు కార్పొరేటరుకు ఇస్తే, ఒకరిని పని చేయమని కోరినట్టూ, మరొకరిని కౌన్సిల్లో ప్రశ్నించమని కోరినట్టూ అవుతుంది.

అర్జీలో ఒకే సమస్య రాయాలి. వీధి పేరు, దగ్గరి ఇంటి నంబరు, ఎప్పటి నుంచి ఉన్నదీ, ఏమి చేయమని కోరుతున్నదీ ఉంటే చాలు. దానిని వార్డు సచివాలయంలో గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇచ్చి, రసీదు నంబరు తప్పక తీసుకోవాలి.

స్పందన లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉపయోగపడుతుంది. చాలామంది ఇక్కడ "కాల్వ ఎందుకు బాగు చేయలేదు?" అని రాస్తారు, ఈ చట్టం కింద ఇవ్వవలసింది రికార్డులో ఉన్న సమాచారమే గనుక, ఆ ప్రశ్నకు జవాబు రాకపోవచ్చు. దానికి బదులు ఇలా రాయండి: "ఫలానా వీధి మురుగు కాల్వలో గత రెండు ఆర్థిక సంవత్సరాలలో జరిగిన పూడికతీతకు సంబంధించిన అంచనా పత్రం, ఎం-బుక్ పేజీల నకళ్లు, బిల్లు చెల్లింపు వివరాలు ఇవ్వగలరు." కొలతల పుస్తకాన్నే ఎం-బుక్ అంటారు. ఎన్ని మీటర్ల పొడవున, ఎంత లోతున పూడిక తీసినట్టు బిల్లు చేశారో అందులో ఉంటుంది. కాల్వ మీ కళ్ల ముందే ఉంది గనుక టేపు పట్టి సరిచూడవచ్చు. పనిని తనిఖీ చేసే హక్కును, నమూనా తీసుకొనే హక్కును కూడా ఈ చట్టం ఇస్తుంది.

రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఏమీ చెల్లించనక్కర లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు సంబంధం లేని కార్యాలయంలో పడినా, 6(3) సెక్షన్ ప్రకారం దానిని 5 రోజుల్లోగా సరైన కార్యాలయానికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. ఆ పని ఎవరిదో మీకే తేలనప్పుడు ఈ సెక్షన్ మరీ అక్కరకు వస్తుంది. జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా ఫలితం లేకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు.

గ్రామంలో ఉండేవారికి ఇంతకన్నా దగ్గరి దారి గ్రామసభ. ఊరి ఓటరు ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే కాబట్టి, ప్రతినిధి ప్రమేయం లేకుండా నేరుగా అడగవచ్చు. అడిగినది మినిట్స్ పుస్తకంలో రాయించడం మరవకూడదు. 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతుంది. గుంటూరు జనాభా ఆ హద్దును ఎప్పుడో దాటింది గనుక, మీ వార్డు కమిటీ ఎప్పుడు సమావేశమైందో, ఏమి తీర్మానించిందో కూడా సమాచార హక్కు కింద అడగండి.

చివరికి నిధులు లేవన్న సమాధానమే వస్తే, 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తు చేయవచ్చు. పారిశుద్ధ్యం మునిసిపాలిటీ చట్టబద్ధ విధి అనీ, డబ్బు లేదని చెప్పి దానిని తప్పించుకోవడానికి వీల్లేదనీ న్యాయస్థానం అందులో స్పష్టం చేసింది. ఆ కేసు మొదలైంది స్థానిక మేజిస్ట్రేటు దగ్గరే, ప్రజలకు ఇబ్బంది కలిగించే వాటిని తొలగించమని ఆదేశించే అధికారంతో. నేర ప్రక్రియ స్మృతి 133వ సెక్షన్లో ఉన్న ఆ అధికారం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉన్నది. మన దగ్గర సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు హోదాలో ఉండే ఆర్డీవోకు ఆ సెక్షన్ కింద దరఖాస్తు ఇవ్వవచ్చు. దానికి అర్జీ రసీదు, ఎం-బుక్ నకలు, తేదీతో తీసిన కాల్వ ఫొటో జతచేయండి.