బల్లమీద అరకు కొండ: మోడల్ రైలుకు మొదటి సీనరీ

మోడల్ కొండల మీద గడ్డిలా చల్లే ఆకుపచ్చ పొడి ప్యాకెట్లు అప్పుడే కొనకండి. నాక్, ఫాలర్ లాంటి జర్మన్ కంపెనీల రంగులు వాళ్ల కొండలకు బాగుంటాయి. నేను చేసేది అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్లో బొర్రా గుహల దగ్గరి ముక్క. అక్కడ ఎంత పచ్చగా ఉన్నా, తవ్విన చోటల్లా ఎర్రమట్టి బయటపడుతుంది. అందుకే నా వరస ఇది: ముందు మట్టి, తర్వాత కంకర, చెట్లు ఆఖరున.

మొదటిసారికి పెద్ద లేఅవుట్ జోలికి పోవద్దు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ మీద ఒక్క లైను, ఒక సొరంగం చాలు. కొత్తవాళ్లు చాలామంది పట్టాలను నేరుగా ప్లైవుడ్ మీదే పరిచేస్తారు. ఇక లోయ ఎక్కడ నుంచి వస్తుంది? లైను కింద రెండంగుళాల థర్మాకోల్ వేసి ఎత్తండి. ఒకవైపు కొండ పైకి లేవాలి, రెండోవైపు నేల కిందికి దిగాలి. ఘాట్ లైను అనిపించేది అక్కడే.

కొండకు థర్మాకోల్ ముక్కలు మెట్లుగా అంటించి, కత్తితో వాలు చెక్కండి. మెడికల్ షాపులో అమ్మే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బ్యాండేజీని నీళ్లలో ముంచి, రెండు పొరలు కప్పి, ఒకరోజు ఆరనివ్వండి. స్ప్రే డబ్బా రంగులు వద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. సొరంగం మూసేముందు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన బోగీని చేత్తో తోసి చూడండి. అసలు రైలుకు 87వ వంతుండే 1:87 స్కేల్‌లో, అంటే హెచ్‌ఓలో, మన రైల్వే కొత్తరకం పొడవాటి ఎల్‌హెచ్‌బీ బోగీ 27 సెం.మీ. దాకా వస్తుంది. వంపులో దాని మూల గోడకు రాసుకుంటే, ప్లాస్టర్ ఆరాక సరిచేయడం పెద్ద టెన్షన్.

బండరాళ్లకు అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి, అందులో పీఓపీ పోసి, అది సగం గట్టిపడగానే కొండకు నొక్కండి. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి వానకూ ఎండకూ తుప్పు రంగు తేలుతుంది. బాగా పల్చటి నల్లరంగు నీళ్లు పోస్తే పగుళ్లలోకి దిగుతాయి. ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఇటుక రంగు పైపైన తాకించండి. మిగిలిన పీఓపీ సింకులో పోయకండి, పైపులో రాయైపోతుంది.

ఇక మట్టి. దీనికి మాత్రం అసలు మట్టే వాడండి. ఎర్రమట్టిని ఎండబెట్టి, దంచి, టీ జల్లెడలోనూ తర్వాత పాత నూలుగుడ్డలోనూ జల్లించండి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఆ పొడిలో బాగా తిప్పండి. ఇనప రజను పట్టుకొస్తుంది. అది ఉండిపోతే ఇంజను మోటారులోకి చేరుతుంది. కొండకు ముందే మట్టిరంగు వేసి, దానిమీద ఫెవికాల్ పూసి, పొడి చల్లండి. జిగురు పట్టాక మట్టి ఒక ఛాయ ముదురుతుంది, కాబట్టి కాస్త లేత మట్టి తీసుకోండి.

కంకర విషయంలో స్కేల్ లెక్క చూసుకోవాలి. మన రైల్వే వాడే రాయి 65 మి.మీ. లోపు ఉంటుంది. 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు. ఇళ్లు కట్టేచోట పడి ఉండే రోబో శాండ్‌లో (రాయి పిండిచేసిన ఇసుకలో) రవ్వ జల్లెడలో కిందికి దిగి, టీ జల్లెడలో ఆగినదాన్ని తీసుకోండి. అయస్కాంతం దీనికీ తిప్పాలి. అసలు రవ్వ మాత్రం వాడకండి, చీమలు పడతాయి.

ముందుగా పట్టాల పక్కలకు తుప్పు రంగు వేయండి. కంకర పోసి, మెత్తటి కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్దండి. సర్దడం పూర్తిగా అయ్యాకే జిగురు. రెండు చుక్కల విమ్ లిక్విడ్ కలిపిన నీళ్లు పైనుంచి సన్నగా స్ప్రే చేసి, ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, సిరంజితో చుక్కలుగా వేయండి. సబ్బునీళ్లు లేకపోతే జిగురు ముత్యాల్లా పైనే నిలిచి కంకరను గుంటలు చేస్తుంది. రైలు లైను మారే పాయింట్లు ఉంటే, వాటి కదిలే భాగాల దగ్గర కంకర తక్కువ, జిగురు ఇంకా తక్కువ.

చెట్లు తేలిక. ఎండిన తులసి కంకులకు ఫెవికాల్ రాసి, మిక్సీలో పొడిచేసి రంగేసిన స్పాంజి అద్దితే సన్నగా నిటారుగా ఉండే సిల్వర్ ఓక్ వస్తుంది. పొడవు గడ్డికి కొబ్బరి పీచు. వలిస చేను కావాలంటే పసుపు స్పాంజి పొడిని చదునైన చోట చిన్న మడిగా వేయండి. కొండంతా చల్లితే అరకు పోస్టర్ అవుతుంది.

రాత్రంతా ఆరాక పట్టాల పైభాగాన్ని ఐసోప్రోపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. వ్యాక్యూమ్ గొట్టానికి పాత సాక్సు కట్టి లైను పొడవునా నడిపితే అంటుకోని కంకర సాక్సులో చేరుతుంది. దాన్ని మళ్లీ వాడుకోవచ్చు.