సుగ్గి కూలీల బతుకును రాసేటప్పుడు

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి పత్తి, మిరప కోతల కోసం గుంటూరు వైపు వెళ్లడాన్ని ఇక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చేలు చాలావరకు వానను నమ్ముకున్నవే కావడంతో, ఖరీఫ్ పనులు ముగిశాక కొన్ని ఊళ్లలో ముసలివాళ్లు, తాళాలు వేసిన తలుపులే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ బతుకును కథగానో కథనంగానో రాయదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

బయలుదేరే రోజున బొలెరో దగ్గర నిలబడి ప్రశ్నలు అడిగితే ఫోటోలు దొరుకుతాయేమోగాని మాటలు దొరకవు. వారు తిరిగివచ్చాక, ఉగాది ముందూవెనకా, వంట ముగించి అరుగుల మీద కూర్చునే వేళకు వెళ్లాలి. ఎందుకు రాస్తున్నదీ, ఎక్కడ అచ్చవుతుందీ చెప్పి, వారు ఒప్పుకున్నాకే నోటుపుస్తకం తెరవాలి.

కష్టం గురించి కాకుండా లెక్క గురించి అడగండి. కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, దేనికోసం తీసుకున్నారు, కూలి కిలోకా రోజుకా, తూకం ఎవరు వేశారు, తేమ పేరుతోనో తాలుకాయల పేరుతోనో ఎంత తగ్గించారు, పిల్లవాడు కోసినది ఎవరి లెక్కలో పడింది, జ్వరంతో పడుకున్న రోజులకు ఏమైంది? ఈ జవాబులను ఒక పేజీలో వరుసగా పెడితే రచయిత వ్యాఖ్యానం లేకుండానే రాజకీయం కనిపిస్తుంది. నా మొదటి ప్రయత్నంలో ఆ పేజీని వదిలేసి, పిడికిలి బిగించిన ముగింపు పెట్టాను. చదివి వినిపిస్తే ఒక పెద్దమ్మ, ‘ఈ మాట నేనెప్పుడంటి నాయనా?’ అన్నది.

చట్టాన్ని చదవకుండా రాయకూడదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంగానీ, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌గానీ రాష్ట్రం దాటినవారినే ఆ పేరుతో గుర్తిస్తాయి. కోసిగి నుంచి గుంటూరుకు వెళ్లిన మనిషి ఎంత దూరం పోయినా ఆ లెక్కలోకి రారు. ఊళ్లో ఉపాధి పని ఈ వలసను ఎందుకు ఆపలేకపోయిందో కూడా అడగాలి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి అన్నది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది పొరుగునున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కాబట్టి జాబ్ కార్డు చూపించమని కోరి, అందులో పడిన రోజులను వారు చెప్పిన రోజులతో సరిచూసుకోవాలి.

భాష విషయానికొస్తే, వారు ‘దుడ్లు’ అన్నచోట డబ్బులని దిద్దవద్దు. అలాగని ప్రతి మాటనూ పలికినట్టే వంకరగా రాస్తే పాఠకుడికి నవ్వొస్తుంది, మనిషి మాయమవుతుంది.

పేరును, ఊరిని తప్పక మార్చాలి. వచ్చే ఏడాది అడ్వాన్సు ఇచ్చేది కూడా ఆ మేస్త్రీయే. అచ్చుకు పంపేముందు చదివి వినిపించి, వద్దన్న వాక్యాలను కొట్టివేయాలి. అచ్చయిన ప్రతిని మళ్లీ సుగ్గి మొదలవకముందే చేర్చాలి, ఆ తరువాత వెళ్తే ఇంటికి తాళం ఉంటుంది.