ఫుట్‌పాత్ లేని వీధిలో బండి నడపడం, కాలినడకన వెళ్ళడం

నెల్లూరులో మూలాపేట అయినా, ఒంగోలులో లాయర్‌పేట అయినా, లోపలి వీధుల్లో ఫుట్‌పాత్ కనపడటం అరుదు. ఉన్న కాస్త అంచునీ ఇళ్ళ ముందు ర్యాంపులు, నిలిపిన కార్లు తినేస్తాయి. అందుకే ముగ్గేసే అమ్మ, పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన తాత, బంతి వెనక పరిగెత్తే పిల్లోడు, అందరికీ ఉన్నది ఆ రోడ్డే. బండి నడిపేవాళ్ళు ముందు ఇది ఒప్పుకోవాలి.

స్పీడు 15 దాటనివ్వకండి. 30 అంటే తక్కువే కదా అనిపిస్తుంది గానీ, 30లో పోయే బండి సెకనుకు 8 మీటర్లకు పైనే పోతుంది, మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే దాదాపు ఆ సెకను అయిపోతుంది, అంటే బ్రేకు పడకముందే ఒక ఇంటి వాకిలి దాటేస్తాం. 15లో అయితే అది 4 మీటర్లే. నెదర్లాండ్స్‌లో 1976 నుంచే ఇలాంటి వీధులకు చట్టం ఉంది, వాటిని వూనెర్ఫ్ అంటారు. అక్కడ పిల్లలు రోడ్డు మీదే ఆడుకోవచ్చు, కార్లే మనిషి నడిచేంత వేగంతో పోవాలి.

పెద్దవాళ్ళ వెనక హారన్ కొట్టకండి, ఉలిక్కిపడి ఏ పక్కకి జరుగుతారో వాళ్ళకే తెలియదు. ఆగి, "అవ్వా, కొంచెం పక్కకి" అంటే చాలు. రివర్స్ తీసేముందు దిగి కారు వెనక చూడాలి, అద్దంలో చిన్నపిల్లలు కనపడరు. సందు మలుపులో కారు పెట్టకండి.

నడిచేవాళ్ళు కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవండి. పిల్లల్ని గోడవైపు ఉంచుకోండి. కరెంటు పోయినప్పుడు ఫోన్ లైటు వేసుకోండి.

స్పీడ్ బ్రేకర్ కావాలంటే సచివాలయంలో అర్జీ పెట్టండి, మీరే సిమెంటుతో గట్టు కట్టొద్దు. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం దాని వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. సన్నగా, నిటారుగా కట్టిన గట్టు రాత్రిపూట స్కూటర్ మీద వెనక కూర్చున్నవాళ్ళని ఎత్తి పడేస్తుంది.

ఇంకొకటి, మైనర్ పిల్లల చేతికి స్కూటీ ఇవ్వకండి. 2019లో మారిన చట్టం ప్రకారం వాళ్ళు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. పాలకీ కూరలకీ పంపాలంటే సైకిలు ఇచ్చి పంపండి.