వంటనూనెపై సుంకం మారితే ప్యాకెట్‌కి ఎంత, పామాయిల్ తోట గెలలకి ఎంత: లెక్క కట్టే పద్ధతి

"ముడి పామాయిల్‌పై దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింపు" అని పేపర్లో పడగానే, కిలో 130 ఉన్న నూనె 13 రూపాయలు దిగుతుందని లెక్క వేసేస్తారు. అలా కుదరదు. 2025 మే నెలాఖరున వచ్చిన ఆ తగ్గింపునే తీసుకుని వరసగా చూద్దాం.

ముందు అసలు సుంకం ఎంతో తేల్చుకోవాలి. ప్రకటనలో కనిపించేది బేసిక్ కస్టమ్స్ డ్యూటీ ఒక్కటే. దానికి 5 శాతం వ్యవసాయ సెస్సు కలపాలి, వచ్చిన మొత్తంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి కట్టాలి. పాత లెక్క: 20+5+2.5, అంటే 27.5 శాతం. కొత్తది: 10+5+1.5, అంటే 16.5. తేడా 10 కాదు, 11.

ఈ శాతం దేనిమీద వేస్తారన్నది రెండోది. పామాయిల్‌కి, ముడి సోయా నూనెకి ఇన్వాయిస్ ధర చూడరు. కస్టమ్స్ బోర్డు మామూలుగా పదిహేను రోజులకోసారి మార్చే టారిఫ్ వాల్యూ (బోర్డు ఖరారు చేసే విలువ) మీద వేస్తారు. సుంకం తగ్గిన పదిహేను రోజుల్లోనే టారిఫ్ వాల్యూ పెరిగితే తగ్గింపులో కొంత అక్కడే ఆవిరవుతుంది.

గుండ్రంగా టన్ను 1,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. విలువ 85,000. పాత సుంకం 23,375, కొత్తది 14,025. తేడా టన్నుకి 9,350, కిలోకి 9.35 రూపాయలు. శుద్ధి చేసేటప్పుడు 5 శాతం తరుగు పోతుంది కాబట్టి 0.95తో భాగిస్తే 9.84. లీటరు ప్యాకెట్‌లో ఉండేది 910 గ్రాములే గనక 8.96. దానిపై 5 శాతం జీఎస్టీ వేస్తే సుమారు 9.40. లీటరుకి ఇంతకు మించి తగ్గుతుందని ఎవరైనా చెబితే సుంకం కాకుండా వేరే కారణం అడగండి. దుకాణంలో ప్యాకెట్ వెనక గ్రాములు కూడా చూడండి. ధర మార్చకుండా తూకం తగ్గించే కంపెనీలకు కొదవ లేదు.

ఎప్పుడు తగ్గుతుంది? ఓడ బయల్దేరిన తేదీతో పని లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కి ఇచ్చే సరుకు పత్రం) వేసిన రోజు రేటే వర్తిస్తుంది. అది ముందుగానే వేసి ఉంటే ఓడకు ఎంట్రీ ఇన్‌వర్డ్స్ (సరుకు దించేందుకు కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన రోజు రేటు. బాండెడ్ ట్యాంకుల్లో (సుంకం కట్టకుండా నిల్వ ఉంచేవి) దింపిన సరుకుకు, దాన్ని బయటికి తీయడానికి బిల్ ఆఫ్ ఎంట్రీ వేసే రోజు రేటు. అందుకే తగ్గింపు వస్తుందన్న వాసన తగిలితే కాకినాడ, కృష్ణపట్నం ట్యాంకుల్లో సరుకు కదలదు. పెంపు వస్తుందంటే ఉన్నపళంగా బయటికొస్తుంది. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగినప్పుడు, పాత సుంకంతో వచ్చిన నిల్వ సుమారు 30 లక్షల టన్నులుందని, అది 45–50 రోజులకు సరిపోతుందని, అప్పటిదాకా ఎమ్మార్పీ పెంచొద్దని కేంద్రం కోరింది. ధరలు మాత్రం ఆగలేదు. పెరిగేటప్పుడు రేపటి ధర చూసి అమ్ముతారు, తగ్గేటప్పుడు నిన్నటి కొనుగోలు చూపిస్తారు.

ఇదే 9,350 రైతు వైపు నుంచి చూడండి. కేంద్ర పామాయిల్ మిషన్ సూత్రంలో గెలల ధర ముడి నూనె ధరలో 14.3 శాతం. తగ్గింపు మొత్తం ముడి నూనె ధరలోకి దిగితే టన్ను గెలలకు 1,337 రూపాయలు కోత. ఎకరాకు 8 టన్నులు కోసే తోటలో 10,696. పెదవేగి, అశ్వారావుపేట వైపు రైతులు ఢిల్లీ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేది ఇందుకే. అయితే కోత ఎప్పుడూ పూర్తిగా దిగదు. మనలాంటి పెద్ద కొనుగోలుదారు సుంకం తగ్గిస్తే గిరాకీ పెరిగి అంతర్జాతీయ ధర కొంత ఎగబాకుతుంది.

రిఫైనరీల్లో ఉద్యోగాల సంగతికొస్తే, ముడి నూనె సుంకం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. శుద్ధి చేసిన నూనె సుంకంతో దానికున్న తేడా చూడాలి. శుద్ధి చేసిన పామోలిన్‌పై (పామాయిల్‌లోని పలుచని భాగం) 35.75 శాతం అలాగే ఉంచారు కాబట్టి తేడా 8.25 నుంచి 19.25కి పెరిగింది. తేడా తక్కువగా ఉన్నప్పుడు పామోలిన్ నేరుగా ఓడలో దిగుతుంది, రిఫైనరీ ప్యాకింగ్ షెడ్డుగా మిగులుతుంది. ఎక్కువైతే ప్లాంటు నిండా నడుస్తుంది. కానీ డియోడరైజర్ (నూనె వాసన తీసే యంత్రం) సగం నడిచినా నిండా నడిచినా షిఫ్టులో ఆపరేటర్లు ఇంచుమించు అంతే. పని పెరిగేది ముందుగా ప్యాకింగ్ లైన్ కాంట్రాక్టు కూలీలకు, హమాలీలకు, ట్యాంకర్ డ్రైవర్లకు. పైగా ఇండోనేషియా ముడి నూనె ఎగుమతిపై ఎక్కువ లెవీ, శుద్ధి చేసినదానిపై తక్కువ వేస్తుంది. ఆ మేరకు 19.25ని తగ్గించి చదువుకోవాలి.

నేపాల్ దారినీ లెక్కలో పెట్టుకోండి. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద అక్కడి నుంచి వచ్చే శుద్ధి నూనెకు సుంకం లేదు. 2024 పెంపు తర్వాత ఆ దారిన సోయా, పొద్దుతిరుగుడు నూనెలు వెల్లువెత్తాయి. ఆ నూనెకు కావలసినన్ని గింజలు మాత్రం నేపాల్‌లో పండవు. ఉత్తరాది రిఫైనరీలో పని తగ్గితే ముందు చూడాల్సింది ఆ సరిహద్దు లెక్కలే.